పెట్టెలో ఎండ

పోయిన నెల శ్రీకాకుళంలో మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. మా తమ్ముడి కూతురు తన పిల్లవాడి ఆటబొమ్మల సెల్లులు ఛార్జరులో పెట్టి, ఆ ఛార్జరుని పరుపు మీదే వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. దాని మీద ఎవరిదో తువ్వాలు పడి ఉంది. తమ్ముడితో చెబుతున్న మాట మధ్యలోనే ఆపి లేచి వెళ్లాను. స్విచ్చి ఆపి, తువ్వాలు తీసి, ఛార్జరుని కింద పలకరాయి మీద పెట్టి, నాలుగు సెల్లుల్నీ వేలి వెనకవైపుతో ఒక్కొక్కటే తాకి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగోది చురుక్కుమంది. తీసి చూస్తే అది గడియారంలో వేసుకునే మామూలు సెల్లు, ఛార్జి పెట్టేదే కాదు. పిల్ల గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఏటత్తా, సెల్లుకి జొరం సూస్తన్నావేటి?" అంది. నాకు నవ్వు రాలేదు. "ఇది ఇందులో ఎందుకు పెట్టినావు?" అని గట్టిగానే అడిగాను. "అన్నీ ఒక్కలాగే ఉంతాయి కదత్తా, కలిసిపోయుంటాది," అంది, మొహం చిన్నబుచ్చుకుని. మామూలువీ ఛార్జివీ వేరే డబ్బాల్లో పెట్టుకోమనీ, పరుపు మీదా దుప్పటి మీదా ఛార్జరు పెట్టొద్దనీ, ఇంట్లో మనిషి లేకుండా ప్లగ్గు ఉంచొద్దనీ వరసగా చెప్పాను. ఇంత చిన్నదానికి అత్త ఎందుకంత కేకలేసిందో దానికి అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకి చెప్పాల్సినప్పుడు చెప్పని మనిషిని నేను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మాది కోటబొమ్మాళి. బజారు వైపు కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. కొట్లోంచి ఇంట్లోకి ఒక తలుపు. ఆ తలుపు తీస్తే చాలు, బెల్లం, ఇంగువ, గోనెసంచులు, కిరసనాయిలు అన్నీ కలిసిన ఒక వాసన వంటింటి దాకా వచ్చేది. మా బట్టలకీ పుస్తకాలకీ అదే వాసన. బడిలో నా పక్కన కూచునే పిల్ల కళ్లు మూసుకుని కూడా నన్ను గుర్తుపట్టేది. నాన్న కొట్లో సెల్లులు అమ్మేవాడు గానీ ఇంట్లోకి కొత్త సెల్లు ఒక్కటి రానిచ్చేవాడు కాదు. పెద్ద సెల్లు టార్చిలో నీరసపడితే రేడియోకి వెళ్లేది. సన్న సెల్లు నా చిన్న రేడియోలో మూలిగితే గోడగడియారానికి వెళ్లేది. గడియారం కూడా ఆగిపోతే దానికి ఎండ వైద్యం. పెరటి గోడ మీద చిల్లు పడ్డ పెనం ఒకటి ఉండేది, అందులో సెల్లులు పరిచి పొద్దల్లా ఎండబెట్టేవాళ్లం. ఎండబెట్టిన ప్రతిసారీ నాన్న సుద్దముక్కతో సెల్లు మీద ఒక చుక్క పెట్టేవాడు. మూడు చుక్కలు పడేదాకా దానికి విముక్తి లేదు. పక్కనే మిరపకాయలు, గుమ్మడి వడియాలు. దారిన పోయేవాళ్లు "సావుకారు సెల్లుల వడియాలెట్టినాడు" అని నవ్వుకునేవారు. నాన్న పట్టించుకునేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఎండ తగిలిన సెల్లుకి గంటో రెండు గంటలో ప్రాణం వచ్చేది కూడా.

ఆ ఇంట్లో మా కనకమ్మత్త ఉండేది. నాన్నకి అక్క. పెళ్లయిన మూడో ఏట అత్తవారింట్లో పెద్ద జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. పిలిస్తే పలకడం లేదని, పని తప్పించుకోడానికి నటిస్తోందని అక్కడివాళ్లు కబురు పెట్టారు. మా మామ్మ, అంటే అత్తని కన్నతల్లి, ఆ మాటే నమ్మింది. పుట్టింటికి వచ్చిన కూతుర్ని రెండుసార్లు బండెక్కించి వెనక్కి పంపింది. మూడోసారి అత్త తన ట్రంకుపెట్టెతో సహా వచ్చింది, ఇక వెళ్లలేదు. ఇదంతా నేను పుట్టకముందు మాట, అమ్మ చెబితే తెలిసింది. నాకు తెలిసిన నాటికి తల్లీకూతుళ్ల మధ్య సైగలే మిగిలాయి. అన్నానికి చెయ్యి నోటి దగ్గర పెట్టడం, నీళ్లకి బొటనవేలు చూపడం. మిగతావాళ్లం అత్తతో అరిచి మాట్లాడేవాళ్లం. అరిచి చెప్పగలిగేవి ఏముంటాయి, పప్పులో ఉప్పు, పాలవాడు వచ్చాడు, వాన పడుతోంది, అంతే. చెవిటివాడి ముందు శంఖం అన్న సామెతని మా ఇంటికొచ్చిన చుట్టాలు ఆవిడ ఎదురుగానే వాడేసేవారు, ఎలాగూ వినబడదు కదా అని.

నేను ఇంటరు చదివే రోజుల్లో అమ్మ తమ్ముడు, విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మావయ్య, అత్తని తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించి చెవి మిషను ఇప్పించాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉండే డబ్బా, దాన్నుంచి చెవికి ఒక తీగ. అమ్మ దానికి గుడ్డసంచి కుట్టింది. అత్త దాన్ని రవిక లోపల మెడలో వేసుకునేది. ఆ మిషను ఒక సన్న సెల్లు మీద నడిచేది గానీ సెల్లుల్ని ఊరికే తినేసేది. అందుకని మావయ్య ఛార్జరు కూడా తెచ్చాడు, నల్లటి పెట్టె, ఎర్ర దీపం, దాంతో పాటు ఆకుపచ్చ తొడుగున్న రెండు సెల్లులు. మా ఊళ్లో అప్పటికి అలాంటిది ఎవరి దగ్గరా లేదు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇది పెట్టెలో ఎండన్నమాట. మరి మన సెల్లులన్నీ ఇందులోనే ఎట్టీసుకోవచ్చు కదా," అన్నాడు. మావయ్య అదిరిపడ్డాడు. "బావా, ఆ పని సెయ్యకు. ఈ పచ్చసెల్లులు తప్ప ఏదెట్టినా పేల్తాది. నేకపోతే లోపలి రసం బయటికొచ్చేస్తాది," అన్నాడు. అంతటితో ఊరుకోకుండా ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి మేకుకి తగిలించాడు. పచ్చసెల్లులే పెట్టాలి. ప్లస్సు గుర్తు ప్లస్సు వైపే ఉండాలి. తడిచేత్తో ముట్టుకోకూడదు. గచ్చు మీద పెట్టాలి, మీద ఏదీ కప్పకూడదు. పొద్దున్న పెట్టి సాయంత్రం తీసేయాలి. చెయ్యి కాలేంత వేడెక్కితే వెంటనే ప్లగ్గు పీకేయాలి. నాన్న పిసినారే గానీ మాటంటే మాట. ఆ రోజు తరవాత ఆ పెట్టె జోలికి వెళ్లలేదు. చదువుకున్నదాన్నని ఆ బాధ్యత నాకు అప్పజెప్పారు. ఒక పచ్చసెల్లు అత్త మిషనులో, రెండోది ఛార్జరులో, రోజు విడిచి రోజు మార్చాలి.

అత్తకి వినబడడం మొదలైన ఆ నెలా పదిహేను రోజులూ మా ఇల్లు మారిపోయింది. మొదటివారమంతా ప్రతి చప్పుడుకీ "అదేటి?" అని అడిగేది. చేటలో బియ్యం చెరిగే చప్పుడు, పోపులో ఆవాలు, స్టేషను వైపునుంచి వచ్చే రైలు కూత. తన మట్టెల చప్పుడు తనే విని ఆగిపోయి కిందికి చూసుకునేది. మేం గొంతు తగ్గించడం నేర్చుకున్నాం. అరుపులు లేని ఇల్లు ఎంత మర్యాదగా ఉంటుందో మొదటిసారి నాకు తెలిసింది. ఎటొచ్చీ మామ్మకే ఏం చెయ్యాలో తోచలేదు. ఇన్నేళ్లూ సైగలతో నెట్టుకొచ్చిన మనిషి, కూతురు చింతపండు పిక్కలు తీస్తుంటే వచ్చి పక్కన కూచునేది. "కనకా," అని పిలిచేది. అత్త వెంటనే "ఏటమ్మా," అని తిరిగేది. అంత తొందరగా జవాబు వస్తుందని మామ్మ అనుకోదు, తడబడేది. "ఏటీ లేదు. పొయ్యి సూడు," అనేది. మర్నాడు మళ్లీ కనకా, మళ్లీ ఏటమ్మా, మళ్లీ తలుపెయ్యమనో కుక్కొచ్చిందనో. "మీ మామ్మ ఏటో సెప్దామని తిరగతంది, మాట పెగలడం నేదు," అని అమ్మ నాతో అంది. నేను విన్నాను గానీ నా ధ్యాస ఇంకెక్కడో ఉంది.

నా ధ్యాస రేడియో మీద ఉంది. అరచేతిలో పట్టే ఆ చిన్న రేడియోలో సాయంత్రం పాటలు వచ్చేవి. నాన్న దానికి ఇచ్చేవి చుక్కల సెల్లులే కాబట్టి పాటలన్నీ నూతిలోంచి పాడినట్టుండేవి. ఒక పచ్చసెల్లు వేస్తే గొంతు ఎలా విచ్చుకుంటుందో ఒకసారి రుచి చూశాను, ఇక ఆగలేకపోయాను. ఛార్జరులోంచి నిండిన పచ్చసెల్లు తీసి రేడియోలో వేసుకుని, దాని చోట మూడు చుక్కల సెల్లు పెట్టాను. అట్టముక్క మీద రాసింది నాకు తెలియక కాదు. మేకుకి వేలాడుతున్న ఆ అట్ట ఎదురుగానే పెట్టాను. ఎండకి బతికే సెల్లు పెట్టెకి ఎందుకు బతకదు అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సెల్లంటే ఎండబెట్టేదని చూసినదాన్ని, మావయ్య మాట నాకు నాన్న పెనం ముందు చిన్నదైపోయింది. పైగా మొదటిసారి అది పనిచేసింది. సాయంత్రానికి వెచ్చగా, ప్రాణంతో వచ్చింది. చుక్కలు పైటకొంగుతో తుడిచేసి అత్త మిషనులో వేశాను. "వరాలూ, ఇది బేగి సచ్చిపోతంది," అని అత్త మర్నాడే అంది. "సెల్లులు అలాగే ఉంటాయత్తా," అన్నాను. రెండు వారాలు అలా నడిపాను.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఉన్నట్టుండి గుండెల మీద చెయ్యి వేసుకుని "మండతంది" అంది. అమ్మ సంచి బయటికి లాగితే గుడ్డంతా తడి, జిగురు. మిషను మూత ఊడదీస్తే సెల్లు పొట్ట ఉబ్బి, చివరనుంచి నల్లటి రసం కారుతోంది. లోపలి స్ప్రింగు, రేకులు తుప్పు పట్టి పాలిపోయాయి. అత్త మెడ కింద చర్మం ఎర్రగా కందిపోయింది. అమ్మ చెంబులతో నీళ్లు పోసి కడుగుతూనే ఉంది. గొడవ విని కొట్లోంచి వచ్చిన నాన్న ముందు మిషను చూశాడు, తరవాత ఛార్జరు వైపు చూశాడు. అందులో ఇంకో సెల్లు ఉంది. దాని మీద నేను ఇంకా తుడవని మూడు తెల్ల చుక్కలు ఉన్నాయి, ఆయన చేత్తో పెట్టినవి. అది కూడా ఉబ్బి, మూత పైకి లేచింది. నాన్న ప్లగ్గు పీకి, ఆ సెల్లు చేతిలోకి తీసుకుని, "ఎవులెట్టినారిది?" అన్నాడు. ఆయన అడిగింది అత్తకి వినబడే దారి లేదు, మిషను చచ్చిపోయింది. కానీ అత్త ఆయన చేతిలో సెల్లు చూసింది, నా మొహం చూసింది. "నానే ఎట్టినాను," అంది. "పచ్చది బేగి అయిపోతందని ఎట్టీసినాను, తమ్ముడా." నాన్న జీవితంలో మొదటిసారి అక్క మీద కోపంతో అరిచాడు, వినబడదని తెలిసి కూడా. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు, నేనే అంటే చాలు. అనలేదు.

మిషను మావయ్యతో విశాఖపట్నం వెళ్లింది. లోపలి సామాను ఎక్కణ్నుంచో రావాలన్నారు. ఇంట్లో మళ్లీ అరుపులు మొదలయ్యాయి, కొన్నాళ్లకి అరవడానికీ ఓపిక లేక సైగల్లోకి దిగాం. వానలు పట్టుకున్నాక మామ్మకి ఆయాసం వచ్చింది. మంచం దిగలేని స్థితికి వచ్చేసరికి గొంతు పూర్తిగా సన్నబడిపోయింది. చెవి నోటి దగ్గర పెడితే తప్ప నాకే వినబడేది కాదు. అత్త పొద్దస్తమానం మంచం పక్కనే కూచుని, తల్లి పెదాలు చూస్తూ ఉండేది. పళ్లు లేని ఆ పెదాల్లో ఏ మాటా చిక్కేది కాదు. "ఏటంతంది?" అని నన్ను అడిగేది. మామ్మ నన్ను అడిగేది ఒకటే. "మిషనెప్పుడొస్తాదే?" మావయ్య ఉత్తరం రాశాడు మామ్మా, అంటే, "ఉత్తరం కాదే, మిషను," అనేది.

ఒక ఉదయం నేను ఆవిడ తల దువ్వుతున్నాను. అత్త ఎదురుగా కూచుని పాదాలు ఒత్తుతోంది. ముందు గదిలో చూడవచ్చిన చుట్టాలు ఉన్నారు. మామ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నాను నమ్మలేదే," అంది. "సెవులు పోయినాయని అది నెత్తీ నోరూ కొట్టుకున్నా నమ్మలేదు. నటిస్తన్నావని ఒక దెబ్బ కూడా కొట్టినాను. రెండుసార్లు బండెక్కించీసినాను." ఊపిరి అందక ఆగింది. నేను లేచి అత్త చెవి దగ్గరికి వంగబోయాను. మామ్మ చెయ్యి వదల్లేదు. "నువ్వు సెప్పకు. అరిసే మాట కాదది. మిషను రానీ, నానే సెప్తాను." అత్త మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏటే, ఏటంతంది మా యమ్మ?" అంది. నేను నీళ్లు కావాలంటోందని బొటనవేలు చూపించాను. అత్త లేచి వెళ్లి గ్లాసు తెచ్చింది.

మామ్మ పదిరోజులు ఆగగలిగింది. మిషను ఆవిడ కర్మలన్నీ అయిపోయిన వారానికి వచ్చింది. మావయ్య కొత్త పచ్చసెల్లు వేసి ఇస్తే అత్త చెవిలో పెట్టుకుని కాసేపు ఇల్లంతా తిరిగింది. మామ్మ గదిలో కాస్త ఎక్కువసేపు నిలబడింది. మర్నాడు పొద్దున్న పెరట్లో నుయ్యి దగ్గర ఆవిడ గిన్నెలు తోముతుంటే నేను వెళ్లి పక్కన కూచుని రెండూ చెప్పేశాను. సెల్లు పెట్టింది నేనేనని, మామ్మ చెప్పాలనుకున్నది ఇదని. ఏడుస్తూనే చెప్పాను. అత్త గిన్నె కింద పెట్టలేదు, తోముతూనే విన్నది. "సెల్లు సంగతి నాకు తెలీదనుకున్నావేటి? సంచిలో సుద్దపొడి రాల్తంటే సూళ్లేదా?" అంది. గిన్నె కడిగి బోర్లించింది. తరవాత అంది, "ఆ మాట బాగుంది. కానీ నాకది నీ గొంతుతో యినబడ్డాదే. మా యమ్మ గొంతుతో నాకున్నవి పొయ్యి సూడు, తలుపెయ్యి, అంతే. అవే దాసుకున్నాను." నేను నాన్నకి కూడా చెప్పేస్తానన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఆడికి తల్లి పోయింది. ఇప్పుడు కూతుర్ని కూడా పోగొట్టుకోమంతావేటి?" ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో తలుచుకుంటే ఇవాళ కూడా సిగ్గేస్తుంది.

ఇప్పటి ఛార్జర్లు సెల్లు నిండగానే వాటంతట అవే ఆగిపోతాయి. మంచివైతే తప్పుడు సెల్లు పెడితే ఎర్రదీపం ఆర్పి వెలిగించి చూపిస్తాయి కూడా. చెవి మిషన్లు చెవిలోనే ఇమిడిపోయి, రాత్రి డబ్బాలో పెడితే పొద్దున్నకి నిండిపోతున్నాయి. అప్పుడు మా ఇంట్లో ఒక సెల్లుకి మూడు జన్మలుండేవి, ఇప్పుడు మా తమ్ముడింట్లో కొత్త సెల్లు కూడా సొరుగులో దొరక్క ఇంకోటి కొంటారు. ఏది మేలని అడిగితే నేను ఇప్పటిదే మేలంటాను. ఆ పొదుపుని మెచ్చుకుంటూ రాసేవాళ్లని చూస్తే నాకు విసుగు. సెల్లు చావనివ్వకూడదని అంత పట్టుబట్టిన ఇంట్లో, మనిషికి చెప్పాల్సిన మాట చచ్చిపోతుంటే ఎవరం గమనించుకోలేదు.

మిషను వచ్చిన రోజునుంచీ నాన్న ఛార్జరుని కొట్లో తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. "అప్పా, నీ సేతికిస్తే మళ్లీ ఏటి సేస్తావో," అన్నాడు అక్కతో. కోపంతో కాదు, జాగ్రత్తతో. సెల్లు నీరసపడినప్పుడల్లా అత్త కొట్టు లోపలి తలుపు దగ్గర నిలబడి, బేరాలు అయ్యేదాకా కాచుకుని, చెయ్యి చాచేది. "తమ్ముడా, సెల్లు." నాన్న పాతది తీసుకుని నిండినది ఇస్తూ, ప్లస్సు గుర్తు వేలితో చూపించి, చంటిపిల్లకి చెప్పినట్టు ప్రతిసారీ మొదటినుంచీ చెప్పేవాడు. ఆవిడ ప్రతిసారీ తల ఊపేది. నాన్న సరుకుకి శ్రీకాకుళం వెళ్లిన రోజు సెల్లు అయిపోతే ఆ రోజంతా ఆవిడకి చప్పుడు లేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేను అత్తకి చెప్పింది నా పాపం పోవడానికి. నాన్నకి చెప్పి ఉంటే ఆవిడ చాచిన చెయ్యి దిగేది. పెళ్లయి వెళ్లేదాకా ఆ ఇంట్లో ఇంకో మూడేళ్లున్నాను. కొట్లో పొట్లాలు కడుతూ చాలాసార్లు పక్కనే ఉన్నాను. నాన్న పోయేదాకా ఆ తప్పు వాళ్లక్కదనే అనుకున్నాడు. సెల్లు తీసుకుని లోపలికి వెళ్లేటప్పుడు అత్త నా వైపు చూసేది కాదు. చూస్తే నేను ఎక్కడ చెప్పేస్తానోనని ఆవిడ భయం కాబోలు అనుకునేదాన్ని. నేను చెప్పనని ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది.